పెట్టె అడుగున పడిన చదువు



మా ఇంట్లో ఒక నల్ల ట్రంకు పెట్టె ఉంది. మిలటరీలో చేసినవాళ్ళ ఇళ్ళల్లో మీరు చూసే ఉంటారు. ఇనప రేకుతో చేసింది. అటూ ఇటూ పట్టుకోవడానికి కడియాలు. మూత మీద తెల్ల రంగుతో రాసిన అక్షరాలు. ముందు ఆర్మీ నంబరు, దాని కింద ర్యాంకు, పేరు, ఆ కింద యూనిట్. ఆ పేరు మా వారిది. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పాత ర్యాంకు చెరిపి కొత్తది రాసేవారు. నంబరు మాత్రం ఎప్పుడూ మారలేదు. చేరిన ఏడాది ఏ నంబరు ఇచ్చారో, 24 ఏళ్ళ తర్వాత ఇంటికి వచ్చేటప్పుడూ అదే నంబరు.

ఆ పెట్టెలో పైన మా వారి యూనిఫాం. దాని కింద దుప్పట్లు, పిల్లల స్వెట్టర్లు. అన్నిటికన్నా అడుగున ఒక ప్లాస్టిక్ కవరు. అందులో నా నర్సింగ్ కాగితాలు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ కవరు సంగతి. నేను నర్సు శిక్షణ పూర్తి చేశానని రుజువు చేసుకోవడానికి పడ్డ పాట్ల సంగతి. ఇది నా ఒక్కదాని గొడవే అయితే మీ సమయం తీసుకునేదాన్ని కాదు. పెళ్ళికి ముందు ఏదో ఒక చదువు చదివి, ఏదో ఒక శిక్షణ పొంది, భర్త వెంట ఊళ్ళు తిరిగి, ఆ చదువును పెట్టె అడుగున పెట్టిన ఆడవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. సైనికుల ఇళ్ళల్లో మరీ ఎక్కువ. ఈ మాటలు వాళ్ళ కోసం. వాళ్ళ అమ్మానాన్నల కోసం, వాళ్ళ భర్తల కోసం కూడా.

నేను పుట్టింది పెనుమూడిలో. రేపల్లె పక్కన, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఇప్పుడైతే వారధి ఉంది. బస్సెక్కితే కాసేపట్లో అవతల పులిగడ్డలో దిగుతాం. నా చిన్నప్పుడు పడవ మీద దాటేవాళ్ళం. అవతలి ఒడ్డు దివిసీమ. మా అమ్మ పుట్టిల్లు అక్కడే. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి మా తరానికి కథలుగా తెలుసు, మా అమ్మ తరానికి ఒంటి మీద గాయంగా తెలుసు. వేలమంది పోయారు. మా అమ్మమ్మ వాళ్ళిల్లు నేలమట్టమైంది. మనుషులు బతికారు, అదే పదివేలు అనుకున్నారు. కొన్నాళ్ళకు పొలం కాగితాలు కావాల్సొచ్చాయి. మా అమ్మ చదువు తాలూకు సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. ఇంట్లో లేవు. బడికి వెళ్ళి అడిగితే బడి రిజిస్టర్లూ నీళ్ళలో పోయాయన్నారు.

అప్పటి నుంచి మా అమ్మకు ఒక అలవాటు. కృష్ణకు వరద వస్తోందని కరకట్ట మీద దండోరా వినపడితే చాలు, బియ్యం బస్తా కంటే ముందు, గిన్నెల కంటే ముందు, కాగితాల సంచీ అటకెక్కించేది. "ముందు కాగితాలు. ఆ తర్వాతే మిగతావి" అనేది. ఆ మాట నేను చిన్నప్పుడు వంద సార్లు విన్నాను. విని మరిచిపోయాను. ఈ మాట మీరు మాత్రం గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

నేను జనరల్ నర్సింగ్ చదివాను. 1998లో చేరాను. మా జిల్లాలోనే ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూలు. మా నాన్న రేపల్లెలో రైలెక్కించి, తెనాలిలో దిగి, నన్ను హాస్టల్లో దింపి, వెళ్ళేటప్పుడు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. చూస్తే ఏడుస్తారని.

ఆ ఏళ్ళు ఎలా గడిచాయో ఆ చదువు చదివినవాళ్ళకు తెలుసు. పొద్దున క్లాసులు. మధ్యాహ్నం నుంచి వార్డు. వారాల తరబడి నైట్ డ్యూటీలు. మంచం మీద మనిషి ఉండగానే, ఆయనకు నొప్పి తెలియకుండా పక్క దుప్పటి మార్చడం నేర్చుకున్నాం. ఒకే మంచం మీద పదే పదే నేర్చుకున్నాం. చేసిన ప్రతి పనీ రికార్డు పుస్తకంలో రాయాలి. మాకు పాఠం చెప్పే సిస్టర్ ట్యూటర్ సంతకం పెట్టాలి. కాన్పుల వార్డులో నేను నా చేతులతో పట్టిన బిడ్డలు ఇరవై మంది. ఒక్కొక్క కాన్పుకూ ఒక్కొక్క పేజీ. తల్లికి నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బిడ్డ ఎన్ని గంటలకు పుట్టింది, ఎంత బరువుంది, ఎప్పుడు ఏడ్చింది. అన్నీ రాశాను. ఆ పుస్తకం నాకు నా పెళ్ళి ఆల్బం కన్నా ఎక్కువ.

కోర్సు అయిపోయాక ఆ పుస్తకం స్కూలు వాళ్ళే ఉంచుకున్నారు. "మా దగ్గర భద్రంగా ఉంటుందిలే అమ్మాయ్" అన్నారు. నాకు సర్టిఫికెట్ ఇచ్చారు, మార్కుల కాగితం ఇచ్చారు. హైదరాబాదులో ఉన్న నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకున్నాను. రిజిస్టర్డ్ నర్సునయ్యాను. ఏడాది తిరక్కుండా 2002లో పెళ్ళయింది. మా వారు ఆర్టిలరీలో జవాను. ఫిరంగి దళం. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో శిక్షణ పొందారు.

సైనికుడి భార్య బతుకు గురించి ఒక్క మాట చెప్పాలి. మిలటరీ వాళ్ళకు రెండు రకాల పోస్టింగులు ఉంటాయి. పీస్ స్టేషన్‌లో అయితే క్వార్టర్ దొరికితే కుటుంబాన్ని తీసుకుపోవచ్చు. ఫీల్డ్‌లో అయితే తీసుకుపోవడానికి వీల్లేదు. మేము కొన్నాళ్ళు మహారాష్ట్రలో దేవ్‌లాలీలో ఉన్నాం. ఆయన సరిహద్దుకు వెళ్తే నేను పెనుమూడి వచ్చేశాను. ఆ తర్వాత పంజాబులో పఠాన్‌కోట్. మళ్ళీ పెనుమూడి. ఆ తర్వాత అస్సాంలో తేజ్‌పూర్. రెండేళ్ళు, మూడేళ్ళు కావడం, ఆర్డరు రావడం, పెట్టె సర్దడం.

పెట్టె సర్దిన ప్రతిసారీ నా కవరు అడుగుకు పోయింది.

ఉద్యోగం చేయలేదా అని మీరు అడగవచ్చు. చేయాలనే అనుకున్నాను. ప్రతి ఊళ్ళోనూ ఆసుపత్రులున్నాయి. నర్సులు కావాలని బోర్డులూ ఉన్నాయి. కానీ నర్సు పని చేయడానికి ఒక నియమం ఉంది. ఏ రాష్ట్రంలో పని చేస్తే ఆ రాష్ట్ర కౌన్సిల్లో పేరు నమోదు కావాలి. నాది ఆంధ్రప్రదేశ్ నమోదు. మహారాష్ట్రలో పని చేయాలంటే అక్కడి కౌన్సిల్ అడుగుతుంది. మా రాష్ట్రం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెమ్మంటుంది. ఈమె మా దగ్గర నమోదైన నర్సే అని ఇక్కడి కౌన్సిల్ అక్కడి కౌన్సిల్‌కు రాయాలి. నియమం మంచిదే. రోగి ప్రాణం మీద చెయ్యి వేసే మనిషి నిజంగా నర్సు అవునో కాదో తెలియాలి కదా. నాకు నియమం మీద ఏ ఫిర్యాదూ లేదు. నా ఇబ్బంది సమయంతో. అర్జీ హైదరాబాదు చేరి, జవాబు అక్కడి నుంచి బయలుదేరి, అవతలి ఆఫీసులో దిగి, ఫైలు కదిలే లోపల మా వారికి పోస్టింగ్ ఆర్డరు వచ్చేసేది. కొత్త రాష్ట్రం. మళ్ళీ మొదటి నుంచి.

రెండు సార్లు ప్రయత్నించాను. మూడోసారి ప్రయత్నించలేదు. పిల్లలు పుట్టారు. నా రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది. నేను గమనించను కూడా లేదు.

2021లో మా వారు రిటైరయ్యారు. పెనుమూడి వచ్చేశాం. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. నాకు నలభై దాటాయి. ఇక నా పని నేను చేసుకోవచ్చు అనుకున్నాను. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో అడిగితే రమ్మన్నారు. "రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోండి. ట్రైనింగ్ తాలూకు ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకురండి" అన్నారు.

ట్రాన్‌స్క్రిప్ట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఏ ఏడాది ఏ సబ్జెక్టు చదివాం, ఎన్ని గంటలు క్లాసులో కూర్చున్నాం, ఎన్ని గంటలు వార్డులో పని చేశాం, ఎన్ని మార్కులొచ్చాయి, ఇవన్నీ ఒక్క చోట రాసి, చదువు చెప్పిన సంస్థ ముద్ర వేసి ఇచ్చే కాగితం. విదేశాలకు వెళ్ళే నర్సులకు ఇది ప్రాణం లాంటిది. అమెరికా వెళ్ళాలనుకునే నర్సు అయితే, ఆ కాగితం చదువుకున్న స్కూలు నుంచే నేరుగా అక్కడికి చేరాలి. చేతికిస్తే చెల్లదు. ఇప్పుడు మన దగ్గర కూడా కొన్ని ఆసుపత్రులు అడుగుతున్నాయి.

నా దగ్గర అది లేదు. చదివిన రోజుల్లో అడగాలని తెలియదు. సరే, వెళ్ళి తెచ్చుకుంటే పోయె అనుకున్నాను.

స్కూలు లేదు.

ఆ భవనం ఉంది. మేము దీపాలు వెలిగించి ప్రమాణం చేసిన హాలు ఉంది. అది ఇప్పుడు కల్యాణమండపం. నేను వెళ్ళిన రోజు ఎవరిదో పెళ్ళి, మేళం మోగుతోంది. కాపలా ఉన్న పెద్దాయన నా మాట ఓపిగ్గా విని, "స్కూలు ఎత్తేసి చాలా ఏళ్ళయిందమ్మా. పుస్తకాలు, రిజిస్టర్లు పాత కాగితాల వాడికి వేసేశారు" అన్నాడు.

నా ఇరవై కాన్పుల పుస్తకం ఏ కొట్లో పకోడీలు కట్టడానికి పోయిందో. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. వచ్చే పోయే పెళ్ళివారు నన్నెవరో చుట్టం అనుకున్నారు.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. మా వారికి ఆయన సర్వీసు తాలూకు ఒక కాగితం అవసరమైంది. ఎప్పుడో కుర్రతనంలో చేసిన ఒక కోర్సు వివరం. ఆయన ఒక తెల్ల కాగితం తీసుకున్నారు. తన ఆర్మీ నంబరు రాశారు. నాసిక్ రోడ్‌లో ఉన్న ఆర్టిలరీ రికార్డ్స్‌కు పోస్టు చేశారు. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. తేదీలతో సహా.

నేను ఆ కవరు చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాను. అసూయ అనుకోకండి. నాకు ఒక విషయం అర్థమైంది. సైన్యంలో ప్రతి విభాగానికీ ఒక రికార్డు ఆఫీసు ఉంది. ఫిరంగి దళానిది నాసిక్ రోడ్. ఆయుధాలు, వాహనాల మరమ్మతు చూసే ఈఎంఈ వాళ్ళది సికింద్రాబాదు. సిగ్నల్స్ వాళ్ళది జబల్‌పూర్. జవాను ఎక్కడ తిరిగినా, ఏ కొండ మీద ఉన్నా, ఆయన చేరిన రోజు, చేసిన శిక్షణ, పెళ్ళి, పుట్టిన పిల్లలు, అన్నీ పార్ట్ టూ ఆర్డర్లు అనే కాగితాలుగా ఆ ఆఫీసుకు చేరతాయి. యూనిట్ మారుతుంది. ఊరు మారుతుంది. రికార్డు మాత్రం ఒకే చోట ఉంటుంది. ఒకే నంబరు కింద ఉంటుంది.

అదే జవాను భార్య చదువుకు రికార్డు ఆఫీసు ఏది? ఆమె ట్రంకు పెట్టె. అంతే.

దేశం మా వారి శిక్షణను జాగ్రత్త చేసింది. నా శిక్షణను జాగ్రత్త చేయాల్సిన బాధ్యత నా మీదే ఉందని నాకెవరూ చెప్పలేదు. అందుకే నేను మీకు చెబుతున్నాను.

మరి చివరికి ఎలా దొరికింది? అది వినండి. మీకు పనికొచ్చేది ఇక్కడే ఉంది.

నాతో చదివిన స్నేహితురాలు తెనాలిలో ఉంటుంది. ఆమెకు ఫోను చేసి ఏడ్చాను. ఆమె నన్ను మా సిస్టర్ ట్యూటర్ గారింటికి తీసుకెళ్ళింది. ఆవిడకు డెబ్భై పైబడ్డాయి. నన్ను గుర్తుపట్టారు. నా మాట విని ఒక ప్రశ్న అడిగారు. "నీకు పాఠం చెప్పింది మేము. పరీక్ష పెట్టింది మేమేనా?"

కాదు. పరీక్ష పెట్టింది ప్రభుత్వం తరఫున వేరే ఆఫీసు. నమోదు చేసింది కౌన్సిల్.

"మరి అవి మూతపడలేదు కదే" అన్నారు ఆవిడ.

ఆ ఒక్క మాటతో నాకు దారి కనిపించింది. శ్రోతలారా, ఇది జాగ్రత్తగా వినండి. ఏ చదువుకైనా, ఏ శిక్షణకైనా మూడు తలుపులుంటాయి. పాఠం చెప్పిన చోటు ఒకటి. పరీక్ష పెట్టిన చోటు రెండు. నమోదు చేసిన చోటు మూడు. ఒక తలుపు మూసుకుపోతే మిగతా రెండూ తట్టండి. మళ్ళీ చెబుతున్నాను. చెప్పిన చోటు, పరీక్ష పెట్టిన చోటు, నమోదు చేసిన చోటు.

నర్సులకే కాదు, ఇది అందరికీ వర్తిస్తుంది. మీరు ఊళ్ళో ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నారనుకోండి. ఆ ఇన్‌స్టిట్యూట్ ఇవాళ లేదు. పరీక్ష పెట్టింది రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి. అది ఉంది. టైలరింగ్ లోయర్, హయ్యర్ పాసయ్యారనుకోండి. ఆ పరీక్షలు ప్రభుత్వ పరీక్షల విభాగానివి. పదో తరగతి సర్టిఫికెట్ పోయినా అడగాల్సింది అక్కడే, మీరు చదివిన బడి ద్వారా. డూప్లికేట్ ఇవ్వడానికి పద్ధతి ఉంది. దారి ఉంది. పొడుగ్గా ఉండొచ్చు, కానీ ఉంది.

నాకు దారి కొంచెం ఎక్కువ పొడుగైంది. ఎందుకంటే నేను చదివినప్పుడు రాష్ట్రం ఒకటి. 2014 జూన్ 2 తర్వాత రెండు. ఒక కౌన్సిల్ రెండు కౌన్సిళ్ళయింది. నేను చదివినది ఈ గడ్డ మీద, నమోదైనది హైదరాబాదులో. ఒక కిటికీ దగ్గర అడిగితే ఇంకో కిటికీకి వెళ్ళమన్నారు. ఆ కిటికీ దగ్గరికి వెళితే పాత రిజిస్టర్ మా దగ్గర లేదన్నారు. రేపల్లెలో తెల్లవారుజామున బయలుదేరడం, రాత్రికి ఉత్త చేతులతో తిరిగి రావడం. మా వారు ప్రతిసారీ కూడా వచ్చారు. నేను ఆయన వెంట ఇన్నేళ్ళు తిరిగాను. ఇప్పుడు నీ వెంట నేను తిరుగుతానన్నారు.

అప్పుడు సిస్టర్ ట్యూటర్ గారి అబ్బాయి ఒక సలహా ఇచ్చాడు. సమాచార హక్కు చట్టం కింద అడగమన్నాడు. 2005లో వచ్చిన చట్టం. ఒక తెల్ల కాగితం మీద రాస్తే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో అడిగితే రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మీరడిగిన సమాచారం ఆ ఆఫీసులో లేకపోతే, అది ఉన్న ఆఫీసుకు మీ దరఖాస్తును 5 రోజుల్లో వాళ్ళే పంపించాలి. మిమ్మల్ని తిప్పకూడదు. కాగితమే తిరగాలి.

ఈ మాట రెండోసారి చెబుతాను. మీరు తిరగక్కర్లేదు. కాగితం తిరుగుతుంది.

నేను మూడే మూడు ప్రశ్నలు రాశాను. ఈ స్కూల్లో ఫలానా సంవత్సరం చదివిన బ్యాచ్ పరీక్షల రిజిస్టర్ ప్రస్తుతం ఏ కార్యాలయంలో ఉంది? అందులో నా పేరున్న పేజీకి ధ్రువీకరించిన నకలు ఇవ్వగలరా? మూతపడిన స్కూళ్ళ విద్యార్థులకు ట్రాన్‌స్క్రిప్ట్ ఇచ్చే అధికారం ఎవరిది? ప్రశ్న చిన్నదిగా, సూటిగా ఉంటే జవాబు కూడా సూటిగా వస్తుంది. నా గోడంతా రాస్తే చదివేవారికి ఏది ప్రశ్నో తెలియదు. అది అనుభవం మీద తెలిసింది. మొదటి దరఖాస్తు నాలుగు పేజీలు రాశాను మరి. దానికి జవాబు రాలేదు.

సూటి ప్రశ్నలకు జవాబు వచ్చింది. ఫలానా సెక్షన్‌లో రిజిస్టర్ ఉందన్నారు. వెళ్ళాను. అక్కడ ఒక గుమాస్తా గారు, మంచి మనిషి, బీరువా తెరిచి దుమ్ము దులిపి, ఎర్ర గుడ్డ కట్టిన పెద్ద పుస్తకం తీశారు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగారు. నా పేరు. నా హాల్ టికెట్ నంబరు. నా మార్కులు. ఇరవై ఏళ్ళ కిందటి సిరా.

ఆయన ముందు ఏడవకూడదనుకున్నాను. కుదరలేదు.

అక్కడితో అయిపోయిందా అంటే, ఇంకో చిక్కు మిగిలింది. పేరు. రిజిస్టర్లో ఉన్నది నా పుట్టింటి ఇంటిపేరు. ఆధార్ మీద అత్తింటి ఇంటిపేరు. మా వారి సర్వీసు కాగితాల్లో నా పేరు ఇంకో రకంగా ఉంది, ఒక ఇంగ్లీషు అక్షరం తేడాతో. మా వారి యూనిట్‌లో రాసిన ఆయనకు తెలుగు పేర్లు కొత్త. పెళ్ళయిన కొత్తలో ఒక అక్షరం ఎక్కువ పడింది. ఆ ఒక్క అక్షరం కోసం నోటరీ అఫిడవిట్లు, పెళ్ళి ధ్రువపత్రం, ఇద్దరూ ఒకరే అన్న రుజువులు. అమ్మాయిలూ, మీ పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో, పెళ్ళయ్యాక ప్రతి కాగితంలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించుకోండి. ఇంటిపేరు మార్చుకున్నా మార్చుకోకపోయినా అది మీ ఇష్టం. కానీ మార్చుకుంటే, మార్చుకున్నట్టు రుజువు కూడా అదే కవరులో పెట్టండి.

మొదటి రోజు నుంచి చివరి కాగితం చేతికొచ్చేదాకా నాకు ఏడు నెలలు పట్టింది. ఇవాళ నేను మళ్ళీ వార్డులో పని చేస్తున్నాను. మొదటి రోజు పక్క దుప్పటి మార్చేటప్పుడు నా చేతులకు అంతా గుర్తుంది. కాగితాలే మరిచిపోయాయి, చేతులు మరిచిపోలేదు.

ఇప్పుడు కొంచెం మన ఊరి బయటికి చూద్దాం. బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. ఎక్కడెక్కడి రాష్ట్రాల కుటుంబాలో పోస్టింగ్ మీద వచ్చి ఉంటాయి. దేవ్‌లాలీలో నేనెలా ఉన్నానో, ఇక్కడికి వచ్చిన ఆ అమ్మాయిలూ అలాగే ఉంటారు. కేరళలో నర్సింగ్ చదివినవాళ్ళు, బీహార్లో టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళు. వాళ్ళ పెట్టె అడుగునా ఒక కవరు ఉంటుంది. మన దగ్గర వాళ్ళు భాష రాని పరాయివాళ్ళు. మన ఆఫీసు కిటికీ దగ్గరికి వాళ్ళలో ఎవరైనా వస్తే, దయచేసి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఒక కాగితం ఆలస్యమైతే ఆ మనిషికి ఒక ఊరు మొత్తం చేజారిపోతుంది.

అమెరికాలో కూడా సైనికుల భార్యలకు ఈ ఇబ్బందే ఉండేది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లైసెన్సు. 2023 జనవరిలో అక్కడ కేంద్ర చట్టాన్ని సవరించారు. సైనిక ఆదేశాల మీద వేరే రాష్ట్రానికి వెళ్ళవలసి వస్తే, సైనికుడిదైనా, అతని జీవిత భాగస్వామిదైనా, వృత్తి లైసెన్సు కొన్ని షరతులతో కొత్త రాష్ట్రంలోనూ చెల్లుతుంది. మన దేశంలోనూ కొంత మార్పు మొదలైంది. నర్సులకు దేశమంతటికీ ఒక్కటే గుర్తింపు సంఖ్య ఇచ్చే ఆన్‌లైన్ రిజిస్టర్ వచ్చింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. మంచిదే. జవానుకు ఉన్నట్టే నర్సుకూ జీవితాంతం ఒకటే నంబరు ఉంటే, నాలాంటి వాళ్ళ సగం కష్టం తీరుతుంది. కానీ పాత రిజిస్టర్లలో ఉన్న మా పేర్లు ఆ కొత్త రిజిస్టర్లోకి ఎక్కాలంటే, ముందు ఆ పాత పేజీ ఎక్కడో ఒక చోట బతికి ఉండాలి.

అందుకే విద్యాసంస్థలు నడిపేవారికి ఒక విన్నపం. వ్యాపారం కుదరక స్కూలు మూసేయవలసి రావచ్చు. ఎవరికైనా వస్తుంది. మూసేటప్పుడు బెంచీలు అమ్ముకోండి, బోర్డులు అమ్ముకోండి. రిజిస్టర్లు మాత్రం అమ్మకండి. అవి మీవి కావు. అందులో ఉన్న రాత్రులు మావి. వాటిని కౌన్సిల్‌కో, జిల్లా అధికారులకో అప్పగించి రసీదు తీసుకోండి. అధికారులకు కూడా ఇదే విన్నపం. స్కూలుకు గుర్తింపు రద్దు చేసే రోజునే రిజిస్టర్లు స్వాధీనం చేసుకోండి. వాటిని అప్పగించిన తర్వాతే ఫైలు మూయండి.

ఇక మీ అందరికీ చెప్పేవి మూడు మాటలు. తేలికైనవే.

ఒకటి. చదువు పూర్తయిన రోజే అన్నీ అడిగి తీసుకోండి. సర్టిఫికెట్, మార్కుల కాగితాలు, ట్రాన్‌స్క్రిప్ట్. తర్వాత తీసుకుందాంలే అనుకోకండి. తర్వాత ఆ చోట పెళ్ళి మేళం మోగవచ్చు.

రెండు. నంబర్లన్నీ ఒక చోట రాసి పెట్టుకోండి. హాల్ టికెట్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం, స్కూలు పూర్తి పేరు. పాలవాడి లెక్క రాసే పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నా చాలు. నంబరుంటే రిజిస్టర్ వెతకొచ్చు. నంబరు లేకపోతే గడ్డివాములో సూదే.

మూడు. మూడు చోట్ల పెట్టండి. అసలు కాగితాలు మీ దగ్గర. నకళ్ళ సెట్టు పుట్టింట్లో. ఫోటోలు తీసి ఫోన్లో, వీలైతే డిజిలాకర్లో. కృష్ణ ఒడ్డున ఉండేవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రి కరకట్ట మీద నిలబడినవాళ్ళకు తెలుసు, నీళ్ళకు మన చదువుతో పనిలేదని.

మళ్ళీ ఒక్కసారి. అన్నీ అడిగి తీసుకోండి. నంబర్లు రాసుకోండి. మూడు చోట్ల పెట్టండి.

జవాన్లుగా ఉన్న తమ్ముళ్ళకు, అల్లుళ్ళకు ఒక మాట. పోస్టింగ్ ఆర్డరు వచ్చినప్పుడు మీ మూవ్‌మెంట్ కాగితాలు జేబులో భద్రంగా పెట్టుకుంటారు కదా. మీ భార్య చదువు కాగితాలు కూడా దానితో పాటే పెట్టండి. మా వారు ఈ మధ్య తెల్ల రంగు డబ్బా తెచ్చారు. మా నల్ల పెట్టె మీద, ఆయన ఆర్మీ నంబరు కింద, నా నర్సింగ్ రిజిస్ట్రేషన్ నంబరు రాశారు. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. అయినా చక్కగా కనిపిస్తాయి.

మా అమ్మ మాట గుర్తుంది కదా. ముందు కాగితాలు, ఆ తర్వాతే మిగతావి. కరకట్ట మీద దండోరా వేసేదాకా ఆగకండి. ఈ ప్రసంగం అయిపోగానే లేచి, పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఆ కవరు పైకి తీయండి. ఏముందో చూడండి. ఏది లేదో రాసుకోండి. లేనిదాని కోసం రేపే ఒక అర్జీ పెట్టండి.